మెడ వెనక నలుపు

జూన్ 15, 2025. ఆదివారం

పాపకి తలంటు. స్నానాల గదిలోంచి ఏడుపు. మా ఆవిడ శనగపిండిలో పసుపు, మీగడ కలిపి మెడ వెనక రుద్దుతోంది. "ఎండన పడదు, మట్టిలో ఆడదు. ఈ మురికి ఎక్కణ్ణుంచి పడుతోందమ్మా!" ఒకటే విసుగు.

బయటికి వచ్చాక చూశాను. మెడ ముడతల్లో నల్లగా, చర్మం కాస్త మందంగా, వెల్వెట్ గుడ్డలా ఉంది. రుద్దిన చోట ఎర్రగా కందిపోయింది. నలుపు మాత్రం అలాగే ఉంది.

మురికైతే పోవాలి కదా.

ఇలాంటి మెడ ఎక్కడో చూశాను. ఎవరిదో గుర్తు రావడం లేదు.

జూన్ 17, మంగళవారం

తెల్లవారుజామున గుర్తొచ్చింది. మా తమ్ముడి మెడ. రక్తం రిపోర్టు ఇంకా రాకముందే డాక్టరు వాడి కాలరు వెనక్కి లాగి చూసి, షుగర్ ఉండొచ్చన్నాడు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక, అది ఎక్కువెక్కువగా ఊరుతుంటే చర్మం అక్కడ నల్లబడుతుందట.

నాన్నకి షుగర్. నాకూ తమ్ముడికీ షుగర్. అబ్బాయికి పోయినేడు బోర్డర్‌లో ఉందన్నారు. పాపకి తొమ్మిదేళ్ళు.

కోడలికి చెప్పాలి. ఏమని? కూతురి ఒంటి గురించి మావగారి నోట వస్తే తన పెంపకాన్ని ఎంచినట్టుంటుంది. పొద్దున ఏడున్నరకి వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే మనిషి.

ముందు ఆవిడతో అన్నాను, ఇక రుద్దొద్దని. ఎందుకని అడగలేదు. నా మొహం చూసి పిండి గిన్నె పక్కన పెట్టేసింది.

జూన్ 20, శుక్రవారం

అబ్బాయితో మాట్లాడాను. "ఎత్తు పెరిగితే అదే సర్దుకుంటుంది నాన్నా. చిన్నప్పుడు నేనూ బొద్దుగానే ఉండేవాణ్ణి కదా."

ఉండేవాడు కాదు. ఆరో తరగతికి మా హైస్కూల్లోనే చేరాడు. ఏటా జూలైలో పిల్లలందరినీ గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచి, కాటా ఎక్కించి రిజిస్టరులో రాసేవాణ్ణి. వాడి పేరుకెదురుగా ఉన్న అంకెలు నా చేత్తో వేసినవే. పక్కటెముకలు కనపడేవి.

అప్పటి భయం వేరు. ప్రార్థనకి ఎండలో నిలబెడితే ఇద్దరో ముగ్గురో కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు. పొద్దున ఏం తిన్నావురా అంటే నేల చూపులు. 2003లో పక్క ఎలిమెంటరీ బడిలో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక, గంట కొట్టకముందే కంచాలు పట్టుకుని వరసలో నిలబడిన పిల్లలు ఇంకా కళ్ళముందే ఉన్నారు. పిల్లాడు ఒళ్ళు చేస్తే ఇంటికి కళ అనుకున్నవాళ్ళం. ఆవిడ చెయ్యి ఇప్పటికీ ఆ భయంతోనే వడ్డిస్తుంది. ఇంకో ముద్ద. ఇదొక్క ముద్ద.

ఆ చేతిని ఎలా ఆపమంటాను?

జూన్ 28, శనివారం

పిల్లల డాక్టరు దగ్గరికి. కోడలు సెలవు పెట్టింది. "మెడ సంగతి చూసింది మీరు. మీరూ రండి మావయ్యగారూ" అంది. కారులో ఇంకేమీ మాట్లాడలేదు.

ఎత్తు 132 సెంటీమీటర్లు, బరువు 34 కిలోలు. బీఎంఐ 19.5. పెద్దవాళ్ళకైతే ఇది ఏ లోటూ లేని అంకె. పిల్లలకి వయసునిబట్టి చూడాలట. పిల్లల డాక్టర్ల సంఘం, ఐఏపీ వాళ్ళు 2015లో వేసిన చార్టు తీసింది డాక్టరమ్మ. పైన రెండు గీతలు. ఒకదాని మీద 23, రెండోదాని మీద 27. ఈ గీత మీదే పెరుగుతూ పోతే పెద్దయ్యేసరికి ఆ అంకె దగ్గర తేలతారని. మనవాళ్ళకి తక్కువ బరువులోనే పొట్టలో కొవ్వు చేరుతుంది కాబట్టి ఇక్కడ గీతల్ని కిందికి దించారట. పాప చుక్క ఆ రెండింటి మధ్య పడింది.

"డైటింగ్ చేయించాలా మేడమ్?" కోడలి గొంతు సన్నగా వచ్చింది.

"వద్దే వద్దు. బరువు తగ్గించక్కర్లేదు. ఎత్తు పెరిగే వయసు, బరువు ఇక్కడ నిలబడితే చాలు. ఒక్క పాపకి వేరే కంచం, వేరే కూర పెట్టొద్దు. ఇంట్లో అందరికీ ఒకటే వండండి. లావు అనే మాట ఎవరూ అనొద్దు."

ఇదంతా చెప్పేముందు పాపని బయట చేపల తొట్టె చూడమని పంపించింది. అది గమనించాను. డ్రిల్లు మాస్టార్లం మేము వరసలో నిలబెట్టి బరువులు పైకి చదివేవాళ్ళం.

జూలై 1, మంగళవారం

రిపోర్టులు. షుగర్ లేదు. హెచ్‌బీఏ1సీ 5.6. లివర్ ఎంజైము ఒకటి కొంచెం పైన ఉంది. కోడలు ఫోనులో చదివి వినిపించి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

జూలై 4, శుక్రవారం

రెండు భోజనాల సంగతి రాసుకోవాలి.

ఏడున్నరకి పాప మాతో తింటుంది. తొమ్మిదిన్నరకి అబ్బాయి ల్యాప్‌టాప్ మూసి కంచం ముందు కూర్చుంటే, మళ్ళీ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటుంది. ఆకలి ఉండి కాదు. రోజు మొత్తంమీద అమ్మా నాన్నా ఇద్దరూ దొరికేది ఆ వేళే. వాళ్ళూ ప్రేమకొద్దీ ముద్దలు కలిపి పెడతారు. అమెరికా వాళ్ళతో మీటింగు ఉన్న రోజు అది పదిన్నర. పడుకునేసరికి పదకొండు. పొద్దున ఆరున్నరకి లేపాలి. తొమ్మిది గంటలైనా నిద్ర కావలసిన వయసు. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి ఎక్కువవుతుందని కూడా చెప్పింది డాక్టరమ్మ.

రెండో భోజనం మానమంటే ఆ పిల్ల ఏం మానుకున్నట్టు?

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం నలుగురం కూర్చున్నాం. పాప ఎవరిదో పుట్టినరోజు పార్టీకి వెళ్ళింది.

కోడలు ఈ వారమంతా చదువుతూనే ఉంది. ఎలిన్ శాటర్ అని అమెరికాలో ఒక ఆహార నిపుణురాలు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ళ పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల పని. అదీ ఆవిడ పద్ధతి.

మా ఆవిడకి మింగుడుపడలేదు. "పిల్ల కడుపు సంగతి పిల్లకేం తెలుస్తుంది?"

"పాలు తాగేటప్పుడు తెలిసేది కదా అత్తయ్యా. చాలగానే తల తిప్పేసేది."

ఆవిడ ఊరుకుంది. ఆ తల తిప్పడం ఎప్పుడు పోయిందో అందరికీ తెలుసు. ఫోనులో పాటలు పెట్టి నోరు తెరిపించే ఇళ్ళు ఈ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని లేవు!

ఎనిమిదింటికి అందరూ ఒక్కసారే తినాలి, మీటింగులు ఆ తర్వాతే అని కోడలు. అబ్బాయి చాలాసేపు క్యాలెండరు చూసుకున్నాడు. "వారానికి నాలుగు రోజులు కుదురుతుంది" అన్నాడు. ఏడు అని ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

జూలై 10, గురువారం

పాప బళ్ళో చక్కెర బోర్డు పెట్టారు. మేలో సీబీఎస్ఈ ఆదేశం వచ్చింది కదా. ఏ తిండిలో పంచదార ఎంతుందో దాని మీద రాస్తారట. పాప వచ్చి వివరంగా చెప్పింది. తర్వాత తన స్నాక్స్ బాక్సులోని మామిడి జ్యూస్ అట్టపెట్టె తిప్పి చదివింది. 200 మిల్లీలీటర్లు. ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. 26 గ్రాములు.

పాప వయసుకి రోజుకి 1,700 కేలరీలనుకుంటే, కలిపిన చక్కెరా, రసాల్లో ఉన్న చక్కెరా కలిసి అందులో పదోవంతు దాటకూడదని, ఇరవయ్యో వంతుకి తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఇరవయ్యో వంతంటే 21 గ్రాములు. పెట్టె ఒక్కటే దాన్ని దాటేసింది. పాలలో కలిపే పొడి ఇంకా లెక్కలోకి రాలేదు.

"తాతయ్యా, మరి మామిడిపండు తినొచ్చా?" అంది. తినొచ్చు. కొరుక్కుని, టెంక చీక్కుని తినొచ్చు.

బోర్డు బాగానే ఉంది. గేమ్స్ పీరియడ్ ఏమైందని అడిగాను. వారానికి రెండు. ఒకటి లెక్కల టీచరు తీసుకుంటుందట. నలభై ఏళ్ళుగా ఈ మాట వింటూనే ఉన్నాను. నా పీరియడ్ ఎప్పుడూ ఎవరో ఒకరికి అప్పు.

జూలై 16, బుధవారం

సాయంత్రం కిందికి దిగి చూశాను. పిల్లలు ఆడుకోవడానికి చోటు లేదు. మేడమీద తాళం. గేటు దగ్గర కార్లు. సెల్లార్‌లో "బంతి ఆటలు నిషేధం" అని అట్ట. ఎప్పుడో కారు అద్దం పగిలిందట.

రోజుకి కనీసం గంటసేపు ఒళ్ళు వంచి ఆడాలి ఈ వయసు పిల్లలు. ఎక్కడ ఆడతారు? దీన్ని పిల్లల బద్ధకం అంటే నేను ఒప్పుకోను.

సంఘం సెక్రటరీని కలిశాను. బంతి వద్దంటే వద్దు. బంతి లేని ఆటలు ఎన్ని లేవు? ఆఫీసు కార్లు తిరిగొచ్చేలోగా, అయిదున్నర నుంచి ఏడు దాకా మూల ఖాళీ ఇవ్వమన్నాను. ఆలోచిస్తానన్నాడు.

జూలై 27, ఆదివారం

సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీశాను. మోకాళ్ళు నొప్పెట్టాయి. పాప, మూడో అంతస్తు కవలలు, ఇంకో ఇద్దరు. పాపకి ఒంటికాలి మీద నిలబడటం రాలేదు. రెండు గళ్ళు దాటి కాలు పెట్టేసింది. కవలలు నవ్వారు. పాప నా వైపు చూసింది. నేను ఏమీ అనకుండా బిళ్ళ మళ్ళీ చేతిలో పెట్టాను.

వాచ్‌మన్ గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. "మా పోరడు గూడ ఆడొచ్చా సార్?"

ఇదేం ప్రశ్న. వాడూ పాప ఈడే. భుజాలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాడు. గళ్ళన్నీ ఒక్క ఊపులో దాటేశాడు.

ఆగస్టు 3, ఆదివారం

రెండు జడలు వేయించుకోనని రెండు రోజులుగా పేచీ. బడిలో రెండు జడలే రూలు. ఆవిడ దువ్వెన పట్టుకుని కూర్చుంది, పాప గోడకి ఆనుకుని కదలదు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక నా దగ్గరికి వచ్చింది. "తాతయ్యా, ఇది మురికా?"

"కాదమ్మా."

"మరి అందరూ కడుక్కో అంటున్నారు."

"వాళ్ళకి తెలియదు. ఒంట్లో ఇన్సులిన్ అని ఒకటుంటుంది. అది కాస్త ఎక్కువ పని చేయాల్సి వస్తోంది. అందుకే అక్కడ అలా అయింది. నువ్వు శుభ్రంగా ఉన్నావు."

"పోతుందా?"

"నెమ్మదిగా."

ఎంత నెమ్మదిగానో నాకు తెలియదు. అసలు పోతుందో లేదో కూడా. కానీ శుభ్రంగా ఉన్నావన్న మాట దగ్గర దాని భుజాలు కిందికి దిగాయి. ఎన్నాళ్ళనుంచి మోస్తోందో.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. అబ్బాయి పెసరట్లు పోశాడు. ఉప్మా లేకుండా, అల్లం పచ్చడితో. పాప పిండి తిప్పింది. మూడోది సగం తిని కంచం జరిపేసింది. "చాలు."

ఆవిడ చెయ్యి గరిటె దాకా వెళ్ళి ఆగింది.

ఆగస్టు 28, గురువారం

నిన్న చవితి. కింద మండపం. ఉండ్రాళ్ళు, కుడుములు, అన్నీ ఆవిరి మీద ఉడికినవే. పండగ వంటతో నాకే పేచీ లేదు, పెద్దవాళ్ళు తెలిసి చేసినవి. పేచీ మనుషుల నోళ్ళతోనే. అయిదో అంతస్తు పెద్దమనిషి పాప బుగ్గ గిల్లి "మన అపార్ట్‌మెంట్ బొజ్జ గణపయ్య వచ్చాడు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనకి పాపంటే ఇష్టమే. అందుకే ఇంకా కోపం వచ్చింది నాకు.

రాత్రి అన్నం ముట్టలేదు. ఎవరూ బలవంతం చేయలేదు. పొద్దున దిండు కింద బిస్కెట్ రేపర్లు. కోడలు తీసి చెత్తబుట్టలో వేసింది. పాపని ఏమీ అడగలేదు.

అయిదో అంతస్తుకి వెళ్ళి చెప్పి వచ్చాను. నోట మాట రాలేదు ఆయనకి. తర్వాత చాలాసేపు ఆయన చిన్నప్పటి సంగతులు చెప్పాడు. బళ్ళో గుండు రాయి అనేవారట.

సెప్టెంబరు 11, గురువారం

పేపర్లో యూనిసెఫ్ నివేదిక. అయిదు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లల్లో ఊబకాయం ఉన్నవాళ్ళు ప్రపంచంలో 9.4 శాతం, బరువు తక్కువున్నవాళ్ళు 9.2. ఇలా తలకిందులవడం ఇదే మొదటిసారి. 2000లో ఊబకాయం మూడు శాతం, బరువు తక్కువ పదమూడుకి దగ్గర.

కింద ఇంకో వాక్యం. దక్షిణాసియాలో, సహారా దిగువ ఆఫ్రికాలో మాత్రం ఇంకా అలా కాలేదు. బక్కపిల్లలే ఎక్కువ.

ఆ రెండు అంకెలూ సాయంత్రం సెల్లార్‌లో ఒకే గళ్ళలో గెంతుతున్నాయి. వాచ్‌మన్ పిల్లాడికి రాత్రి గుడ్డు అందుతుందో లేదో తెలియదు. ఆటయ్యాక అందరికీ పల్లీలు ఉడకబెట్టి కిందికే పంపమన్నాను ఆవిడకి. ఆ మాటతో ఆవిడ మొహం విప్పారింది. పెట్టడానికి చేతికి మళ్ళీ పని దొరికింది.

సెప్టెంబరు 28, ఆదివారం

కింద బతుకమ్మ. మా వైపు లేని పండగ. పాప చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ గంటకి పైగా తిరిగింది. చెమటకి జుట్టు మెడకి అంటుకుంది. జుట్టు ఎత్తి పైన ముడి వేసుకుంది. తనే వేసుకుంది. ఎవరైనా చూస్తారన్న ధ్యాస లేదు.

కోడలూ తిరిగింది. చాలా రోజులకి నవ్వడం చూశాను.

అక్టోబరు 21, మంగళవారం

దీపావళి స్వీటు పెట్టెలు. ఆఫీసులవి, పక్కింటివి. బల్ల మీద పేర్చితే చిన్న గోడ. ఇంట్లో ఉంటే తింటాం, నేనూ తింటాను, షుగర్ మనిషిని. పాపని "ఏవి నీకిష్టం?" అని అడిగింది కోడలు. కాజూ కత్లీ పెట్టె ఉంచుకుంది. మిగతావి పంచేశారు. దాచలేదు, తాళం వేయలేదు. రోజూ భోజనంతో పాటే ఒకటి. మూడోనాడు అడగడం మర్చిపోతుందేమో. చూడాలి.

(24న కూడా అడిగింది. పెట్టింది.)

నవంబరు 9, ఆదివారం

రెండు వారాలుగా అన్నీ చెదిరాయి. అబ్బాయి ప్రాజెక్టు. ఎనిమిదింటి భోజనం ఒక్కరోజూ కుదరలేదు. కోడలికి జ్వరం. ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో నూడుల్స్, చిప్స్ గుమ్మంలోకి. పాప పదింటికి సోఫాలో కూర్చుని తింటూ ఫోను చూసింది. ఆవిడకి మోకాలు, నిలబడి వండలేదు.

ఎవర్నీ ఏమీ అనలేం. పదిగంటల పనీ రెండు గంటల ప్రయాణమూ చేసి వచ్చిన వాళ్ళని ఏ నోటితో అనాలి? పిల్లల తిండి గురించి తల్లిదండ్రులకి చెప్పేవాళ్ళే అందరూ. వాళ్ళ పనిగంటల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

రాత్రి వంట నాకు నేర్పమన్నాను ఆవిడని. ఈ వయసులోనా అంది. స్టూలు వేసుక్కూర్చుని చెప్పు చాలన్నాను.

నవంబరు 14, శుక్రవారం

పప్పు దోసకాయ. ఉప్పు తక్కువ. అందరూ తిన్నారు.

నవంబరు 30, ఆదివారం

ఊరినుంచి తేగలు వచ్చాయి. పాప నా పక్కన కూర్చుని పీచు తీస్తూ, నములుతూ గంట గడిపేసింది. నమలడానికి ఇంత సేపు పట్టే తిండి ఈ ఇంట్లో ఇంకేముంది?

సెల్లార్‌లో ఒంటికాలి మీద ఆఖరి గడి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. వాచ్‌మన్ పిల్లాడు ఈల వేశాడు. తొక్కుడుబిళ్ళ ఇక చాలట, వేరే ఆట కావాలట. టెన్నికాయిట్ రింగు కొనాలి. బంతి కాదు కాబట్టి సెక్రటరీ అడ్డు చెప్పలేడు.

డిసెంబరు 20, శనివారం

డాక్టరమ్మ. ఎత్తు 135, బరువు 34న్నర. 18.9. చుక్క ఇంకా 23 గీత పైనే ఉంది, కానీ దానివైపు దిగింది. లివర్ పరీక్ష మళ్ళీ మార్చిలో.

మెడ నలుపు అలాగే ఉందేమని కోడలు అడిగింది. తగ్గడానికి చాలా నెలలు పడుతుంది, దాన్ని కొలతగా పెట్టుకోవద్దంది డాక్టరమ్మ. "నిద్ర ఎలా ఉంది?" అని అడిగింది. పదింటికి. ఒక్కోరోజు పదిన్నర. తొమ్మిదిన్నర చేయండి అంది.

అబ్బాయి ఈసారి తనూ వచ్చాడు. బయటికొచ్చాక తన కాలరు వెనక్కి జరిపి, "నాన్నా, నాకూ ఉందా చూడు" అన్నాడు.

ఉంది. కొద్దిగా.

జనవరి 4, 2026. ఆదివారం

పండక్కి తణుకు వెళ్తున్నాం. అరిసెలు, పూతరేకులు, తమ్ముడి ఇంట్లో నలభై మంది. తిండి గురించి నాకు దిగులు లేదు, ఆ నాలుగు రోజులూ తోటలో పరుగులే. దిగులల్లా గుమ్మం దగ్గర. "అమ్మో, ఎంత లావైపోయిందే!" అని ఒకరు, "చిక్కిపోయిందే, ఏం పెట్టడం లేదా మీ అమ్మ?" అని ఒకరు. రెండూ ఒకటే నాకు.

పొద్దుట్నుంచి ఫోన్లు చేస్తున్నాను. పాప ఒంటి గురించి ఎవరూ ఒక్క మాట అనొద్దని. తమ్ముడు వెంటనే సరేనన్నాడు. పెద్ద మరదలు చిన్నబుచ్చుకుంది. మా చెల్లెలు మాత్రం నిజంగానే అడిగింది. "మరి పిల్లని ఏమని పలకరించమంటావు అన్నయ్యా?"

రింగు ఎలా విసరాలో నేర్పమని అడగమన్నాను.

ఇంకా బావమరిది మిగిలాడు. బుగ్గలు గిల్లే మనిషి. ఫోను ఎత్తడం లేదు. రాత్రి మళ్ళీ చేయాలి.